బాకీ మాఫీ చేయిస్తామని ఫోనొస్తే

పరకాల బస్టాండు దగ్గర నాది జిరాక్స్ షాపు. మొన్న వానాకాలంలో మా చిన్నాయన వచ్చి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు కాపీలు తీయమన్నాడు. ఎందుకని అడిగితే, "వాట్సాప్‌ల పంపాలె బిడ్డా, ట్రాక్టర్ లోను సగం మాఫీ అయితదట. ముందుగాల 4,900 కట్టాలట" అన్నాడు. ఫోన్లో ఎవరో మేడం చెప్పిందట. ఆయన పేరు, బ్యాంకు, లోను సంగతి అన్నీ ఆమెకు తెలుసు. అందుకే నమ్మాడు.

మన వివరాలు తెలిసినంత మాత్రాన బ్యాంకోళ్లు కారు. లోన్ల కోసం మనం ఎన్ని చోట్ల ఆధార్, ఫోన్ నంబరు ఇచ్చి వచ్చామో లెక్కేసుకోండి.

అప్పు తీసేయడానికి ముందు ఫీజు అడిగారంటే అక్కడే ఫోన్ పెట్టేయవచ్చు. అయితే నన్ను ఎక్కువ భయపెట్టిన మాట వేరే ఉంది. "బ్యాంకుకు పోకండి, వాయిదా ఆపేయండి, మేమే మాట్లాడుతాం" అందట ఆ మేడం. విన్నామా, ఫీజు పోతుంది, పైన వడ్డీ పెరుగుతుంది, సిబిల్ (అప్పు సరిగ్గా కడుతున్నామా అని చూపే స్కోరు) చెడుతుంది. డబ్బు తీసుకుని 'రుణమాఫీ సర్టిఫికెట్' ఇస్తామనేవాళ్లను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2023 డిసెంబర్‌లోనే హెచ్చరించింది. ఆ కాగితం నా షాపులో రెండు రూపాయల జిరాక్స్‌తో సమానం.

2024లో మన తెలంగాణలో 2 లక్షల వరకు పంట రుణాల మాఫీ వచ్చినప్పుడు డబ్బు నేరుగా లోను ఖాతాలోనే పడింది. లిస్టులో పేరు ఎక్కిస్తామని ఎవరైనా ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే నొక్కకండి. ఆ యాప్ లోపలికొస్తే మీ ఓటీపీలు వాళ్లూ చదువుతారు.

అనుమానంగా ఉంటే, "రేపు బ్రాంచికి వస్తా, మీరు ఏ కౌంటర్‌లో ఉంటారు?" అని అడగండి. గొంతు మారిపోతుంది. ఇవాళే ఆఖరు రోజంటారు, అరెస్టంటారు. కట్ చేసి, పాస్‌బుక్కు మీదున్న నంబరుకు మీరే చేయండి. గూగుల్‌లో వెతకవద్దు, అక్కడ దొంగ కస్టమర్ కేర్ నంబర్లూ ఉంటాయి.

నిజంగానే కట్టలేకపోతే మేనేజర్‌ దగ్గరికి పోండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. వాయిదాలు మార్చమనో, ఓటీఎస్ (కొంత తగ్గించి, ఒకేసారి కట్టి లోను మూసేయడం) ఇమ్మనో అడగండి. ఒప్పుకుంటే బ్యాంకు లెటర్ తీసుకుని, డబ్బు లోను ఖాతాలోనే కట్టి, బాకీ లేదని నో డ్యూస్ కాగితం రాయించుకోండి. ఓటీఎస్ చేసుకుంటే సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడుతుంది, తర్వాత లోను దొరకడం కష్టమవుతుంది. అది ముందే తెలిసి ఉండాలి.

డబ్బు పోయిందా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. డబ్బు పంపినప్పుడు వచ్చిన యూటీఆర్ (లావాదేవీ) నంబరు దగ్గర పెట్టుకోండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఏపీకే నొక్కి ఉంటే ముందు నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి చేయండి.

చిన్నాయన ఆ 4,900 కట్టలేదు. కానీ అంతకుముందే రిజిస్ట్రేషన్ అని 500 పంపాడట, వారం తర్వాత నసుగుతూ చెప్పాడు. ఆ నంబరు ఆయన ఫోన్లో ఇప్పటికీ 'లోన్ మేడం' అనే ఉంది. తీసేయమంటే, "మళ్ల చేస్తే గుర్తుపట్టాలె గదరా" అంటాడు.