చిన్న నాబ్‌లో కంపన స్పందన కుదరనప్పుడు: లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి మరమ్మతుకు

మెట్లున్న ఫ్యాను రెగ్యులేటరును తిప్పినప్పుడు ప్రతి నంబరు దగ్గరా వేలికి తగిలే ‘టక్’ను లోపలి స్ప్రింగు ఇస్తుంది. బొటనవేలంత నాబ్‌లో అదే అనుభూతిని ఎలక్ట్రానిక్స్‌తో తెప్పించడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, నాబ్ ఎంత తిరిగిందో చెప్పే మామూలు ఎన్‌కోడర్ పక్కన వైబ్రేషన్ మోటారు పెట్టి, నాబ్ ఒక మెట్టు కదిలినప్పుడల్లా దాన్ని క్షణకాలం కదిలించడం. రెండోది, బ్రష్‌లెస్ మోటారు షాఫ్టుకే నాబ్ బిగించి, అయస్కాంత సెన్సర్ చెప్పే కోణాన్ని బట్టి మోటారు చేతనే ఎదురు బలం ఇప్పించడం.

ఏ లక్షణం కనిపించినా ముందు కరెంటు తీసేసి, మోటారు తీగలు విడదీసి, నాబ్‌ను పది చుట్లు మెల్లగా తిప్పి చూడాలి. అప్పటికీ వేలికి తగులుతున్న లోపం ప్రోగ్రాములో ఉండదు. ఈ చిన్న పరీక్ష మరిచిపోయి రెండు సాయంత్రాలు కోడ్ దిద్దుతూ కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

లక్షణం: క్లిక్ ఆలస్యంగా వస్తోంది, వేగంగా తిప్పితే క్లిక్‌లన్నీ కలిసిపోయి జుమ్మంటోంది

చుట్టుకు 24 క్లిక్‌లున్న నాబ్‌ను సెకనుకు రెండు చుట్లు తిప్పితే క్లిక్‌కూ క్లిక్‌కూ మధ్య సుమారు 21 మిల్లీసెకన్లే ఉంటాయి. ఒకవైపు బరువున్న బిళ్ళను గిరగిరా తిప్పే పాత రకం వైబ్రేషన్ మోటారు వేగం అందుకోవడానికే అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, దాని దగ్గర ప్రోగ్రాము ఎంత మార్చినా ఫలితం ఉండదు. దాని స్థానంలో, బరువు స్ప్రింగు మీద అటూ ఇటూ ఊగే లీనియర్ రెజొనెంట్ రకం, అంటే ఎల్‌ఆర్‌ఏ, పెట్టాలి. అనునాద పౌనఃపున్యం, అంటే అది అన్నిటికంటే బలంగా ఊగే వేగం, 175 హెర్ట్జ్ (సెకనుకు 175 ఊపులు) ఉన్న ఎల్‌ఆర్‌ఏకు ఒక ఊపు 5.7 మిల్లీసెకన్లు కాబట్టి, రెండు ఊపుల క్లిక్ 12 మిల్లీసెకన్ల లోపే ముగుస్తుంది. అయితే విద్యుత్తు ఆపినంత మాత్రాన లోపలి బరువు ఆగదు, స్ప్రింగు మీద ఊగుతూనే ఉంటుంది. అందుకే క్లిక్ చివర వ్యతిరేక దశలో నడిపి బ్రేకు వేయాలి. డీఆర్‌వీ2605ఎల్ వంటి డ్రైవర్ చిప్‌లు ఈ పని తామే చేస్తాయి. నాబ్ ఇంకా వేగంగా తిరుగుతుంటే క్లిక్ విడిచి క్లిక్ ఇవ్వడమే మంచిది. ఆ వేగంలో లెక్క తప్పినా వేలికి తెలియదు, మోత మాత్రం తెలుస్తుంది.

లక్షణం: క్లిక్ వస్తోంది కానీ నీరసంగా ఉంది

ఎల్‌ఆర్‌ఏ తన అనునాద పౌనఃపున్యానికి కొన్ని హెర్ట్జ్ అటూ ఇటూ నడిచినా బలం బాగా పడిపోతుంది. బిగించిన తీరును బట్టి ఆ పౌనఃపున్యం కొంత మారుతుంది కనుక, డ్రైవర్‌లోని ఆటో క్యాలిబ్రేషన్‌ను (చిప్ తనంతట తానే మోటారుకు తగ్గట్టు సర్దుకునే ఏర్పాటును) బల్ల మీద విడిభాగంగా ఉన్నప్పుడు కాక, పెట్టెలో బిగించిన తర్వాతే చేయాలి. స్పాంజి ఉన్న డబుల్ సైడ్ టేపుతో అతికిస్తే కంపనాన్ని ఆ స్పాంజే మింగేస్తుంది. పలుచని గట్టి అంటుతో నాబ్ ఆధారానికి అతికించి, ఆ ఆధారానికీ బరువైన పెట్టెకూ మధ్య మెత్తని రబ్బరు పెట్టాలి. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

లక్షణం: మోటారు నాబ్ క్లిక్ మధ్యలో ఆగి, ఎవరూ ముట్టుకోకుండానే గుంయ్ అంటోంది

ఈ పద్ధతిలో విసిగించే లోపం ఇదే. క్లిక్ కేంద్రం నుంచి నాబ్ ఎంత జరిగిందన్నదాన్ని బట్టి మోటారు స్ప్రింగులా వెనక్కి లాగుతుంది, వేగాన్ని బట్టి డ్యాంపింగ్, అంటే ఊపును అణచే బలం, ఇస్తుంది. అయస్కాంతపు కోణాన్ని చదివే ఏఎస్5600 సెన్సర్ చుట్టును 4096 భాగాలు చేస్తుంది, అంటే ఒక భాగం 0.088 డిగ్రీలు. మిల్లీసెకనుకు ఒకసారి చదివే ప్రోగ్రాములో సెన్సర్ విలువ ఒక్క అంకె తొణికినా, నాబ్ సెకనుకు 88 డిగ్రీల వేగంతో కదిలినట్లు లెక్క వస్తుంది, ఆ లేని వేగాన్ని ఆపడానికి మోటారు ఉలిక్కిపడుతుంది.

కారణం తేల్చుకోవడానికి డ్యాంపింగ్‌ను సున్నా చేసి చూడాలి. సన్నని మోత ఆగిపోతే తప్పు వేగపు లెక్కదే. వేగానికి లో-పాస్ ఫిల్టర్ (గబగబా మారే తొణుకును వడగట్టే లెక్క) పెట్టి, కేంద్రానికి ఒకటి రెండు అంకెల లోపల మోటారుకు పని చెప్పకుండా వదిలేయాలి. మోత పోయి నాబ్ నెమ్మదిగా అటూ ఇటూ ఊగితే స్ప్రింగు బలం ఎక్కువైందని, లేదా కోణం ఆలస్యంగా అందుతోందని అర్థం. ఏఎస్5600 మొదటి అమరికలో దాని నెమ్మది ఫిల్టర్ స్థిరపడటానికే 2.2 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. దాన్ని 0.286 మిల్లీసెకన్ల అమరికకు మార్చవచ్చు గానీ అప్పుడు అంకెల తొణుకు పెరుగుతుంది, కాబట్టి రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో వేలితో తిప్పి చూసే నిర్ణయించుకోవాలి.

లక్షణం: క్లిక్‌ల మధ్య దూరాలు సమానంగా లేవు

ఈ దూరం చుట్టులో ఒకవైపు పెరిగి మరోవైపు తగ్గుతుంటే, షాఫ్టు చివరి అయస్కాంతం సెన్సర్ కేంద్రం నుంచి పక్కకు జరిగి ఉంటుంది. ఆ జరుగుడు పావు మిల్లీమీటరుకు మించకుండా చూసి, మిగిలిన తేడాను ఏ కోణం దగ్గర ఎంత తప్పుందో రాసుకున్న పట్టికతో సరిదిద్దాలి. అలా కాక చుట్టంతా సన్నని గరుకు తగులుతుంటే, అది మోటారు ఇనుప పళ్ళకూ అయస్కాంతాలకూ మధ్య ఉన్న ఆకర్షణ. 12 పళ్ళు, 14 ధ్రువాలు ఉన్న మోటారులో ఇది చుట్టుకు 84 సార్లు వస్తుంది. మొదట చెప్పిన పరీక్షలో బయటపడేది ఇదే. తక్కువ గరుకున్న మోటారు కొనడమే దీనికి తేలికైన మందు.

లక్షణం: వేలు తీసినా క్లిక్‌లు తమంతట తామే వస్తున్నాయి

నాబ్ రెండు మెట్ల సరిహద్దులో ఆగినప్పుడు, క్లిక్ ఇచ్చిన అదురే ఎన్‌కోడర్‌ను మళ్ళీ కదిలిస్తుంది. ముందుకు మారడానికి ఒక కోణం, వెనక్కి మారడానికి కొంచెం వెనక మరో కోణం పెడితే ఇది పోతుంది. కోణం కాక మెట్లను మాత్రమే చెప్పే ఈసీ11 వంటి కాంటాక్టు ఎన్‌కోడర్‌లో ఈ వీలు లేదు కాబట్టి, రెండు పిన్నుల స్థితుల క్రమాన్ని పట్టికతో సరిచూసి, పూర్తి మెట్టు దాటాకే లెక్కించాలి.

లక్షణం: క్లిక్ వచ్చిన క్షణంలో బోర్డు రీసెట్ అవుతోంది

మోటారు ఒక్కసారిగా లాగే విద్యుత్తుకు వోల్టేజి కుంగుతోంది. మోటారుకు వేరే సరఫరా లైను ఇచ్చి, డ్రైవర్ పక్కనే 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాలి.

లక్షణం: చివరి హద్దు దగ్గర (నాబ్ ఇక తిరగకుండా మోటారు అడ్డుకునే చోట) పట్టుకుంటే నాబ్ వేడెక్కుతోంది

తిరగకుండా బలం ఇస్తున్న మోటారులో పోసిన విద్యుత్తంతా కాయిల్‌లో వేడిగానే మారుతుంది. హద్దును గట్టిగా తగిలించి, ఒక సెకను తర్వాత విద్యుత్ ప్రవాహాన్ని సగానికి దించితే వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది.