రేక్యావిక్‌లో ఒక్క రోజు: పిల్లలకు మ్యూజియాలు, మీకు ఊలు

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ నడిచి తిరగ్గలిగేంత చిన్న ఊరు. కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకుంటే చాలు. ఊలు పెద్ద బరువుండదు కానీ సంచులు నిండిపోతాయి. అందుకే పొద్దున మ్యూజియాలు, మధ్యాహ్నం దాటాక అల్లికకు ఊలు కొనడం.

ముందుగా నేషనల్ మ్యూజియంకి వెళ్లండి. 18 ఏళ్ల లోపు వాళ్లకు టికెట్ లేదు. అన్నీ చూపించాలని పిల్లల్ని లాక్కెళ్లకండి, రెండు వెతకమనండి చాలు. ఒకటి, ఉరుముల దేవుడు థోర్‌ది ఆరేడు సెంటీమీటర్ల కంచు బొమ్మ. రెండోది, సుమారు 1200 నాటి చెక్క తలుపు. డ్రాగన్ బారి నుంచి సింహాన్ని కాపాడిన వీరుడు, అతను పోయాక సమాధి మీద పడుకున్న సింహం, ఆ కథంతా తలుపు మీదే చెక్కి ఉంటుంది. పెద్దవాళ్లకు ఇంకో విషయం: మధ్యయుగంలో ఇక్కడ ఊలు బట్ట డబ్బులా చెలామణి అయ్యేది.

అక్కడి నుంచి ట్యోర్నిన్ చెరువు గట్టున, బాతుల్ని చూస్తూ అదాల్‌స్ట్రైటి వీధికి నడవండి. 2001 తవ్వకాల్లో బయటపడ్డ పదో శతాబ్దపు ఇంటి పునాదిని అక్కడే నేలకింద మ్యూజియంగా భద్రపరిచారు. గంట చాలు.

భోజనానికి అందరూ హాట్‌డాగ్ బండి దగ్గరికే పంపుతారు. అందులో గొర్రె మాంసంతో పాటు పంది, గొడ్డు మాంసం కూడా కలుస్తాయి. తినని వాళ్లు ముందే వేరే చోటు చూసుకోవాలి.

ఇక స్కోలవోర్దుస్టీగుర్ వీధి. ఎత్తెక్కే ఈ వీధిలోనే 1977లో మొదలైన చేతి అల్లికల సంఘం దుకాణం ఉంది. అల్లిక మీద ఆసక్తి లేనివాళ్లు పిల్లల్ని తీసుకుని వీధి చివరి హాల్‌గ్రిమ్స్‌కిర్క్యా చర్చికి వెళ్లొచ్చు. 74.5 మీటర్ల గోపురం, పైకి లిఫ్ట్ ఉంది. చర్చి ముందున్న లీఫ్ ఎరిక్సన్ విగ్రహం దగ్గర కలుద్దామనుకుంటే ఎవరికీ టెన్షన్ ఉండదు.

దుకాణంలో తొందరపడొద్దు. ఐస్‌లాండ్ గొర్రెకు రెండు పొరల బొచ్చు: పైన నీటిని ఆపే పొడవాటి వెంట్రుకలు, లోపల వెచ్చటి మెత్తని నూగు. ఆ రెండూ కలిసిన ఊలే లోపి. కాస్త గరుగ్గా ఉంటుంది, మెడకు ఆనించి చూసుకోండి. లోపిలో ఒక రకమైన లెట్‌లోపి ఉండ 50 గ్రాములు, 100 మీటర్లు, 4.5 మిల్లీమీటర్ల సూదులు సరిపోతాయి. మీడియం సైజు స్వెటర్‌కు ప్రధాన రంగులో ఎనిమిది, తొమ్మిది ఉండలు, మెడ చుట్టూ వచ్చే డిజైన్‌కు రంగుకొకటి తీసుకోండి. లేబుల్ మీద డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) ఒకే రంగు ఉండలన్నిటికీ ఒకటే ఉండాలి, లేకపోతే స్వెటర్‌లో చారలు తేలతాయి. అలాఫోస్ లోపి ఇంకా మందం, త్వరగా అల్లేయొచ్చు. పురి లేని ప్లోటులోపి చేతిలోనే తెగుతుంది. కొత్తవాళ్లు దాని జోలికి పోకండి.

విజయవాడ చలికి ఈ స్వెటర్ వేసుకోవడం శిక్షే. టోపీకో గ్లవ్స్‌కో సరిపడా రెండు మూడు ఉండలు చాలు. డెన్వర్‌లోనో టొరంటోలోనో ఉండేవాళ్లు మాత్రం నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు.

బిల్లు నిర్ణీత మొత్తం దాటితే విదేశీయులకు పన్ను కొంత తిరిగొస్తుంది. ట్యాక్స్ ఫ్రీ ఫారం దుకాణంలోనే అడిగి తీసుకోండి, కెఫ్లావిక్ విమానాశ్రయంలో ఇవ్వాలి.