చేతిలో పట్టు లేకపోయినా వెయిట్స్ చెయ్యొచ్చు, ఇట్ల

పుట్టుకతోనే వేళ్లు లేనోళ్లు, పక్షవాతం తర్వాత ఒక చెయ్యి వీకైనోళ్లు జిమ్‌కి పోతే "మీరు ట్రెడ్‌మిల్ చేస్కోండి" అని పక్కన పెడ్తరు, అది నాకు అస్సలు నచ్చదు. వేళ్లు పట్టుకోకపోయినా వీపు, భుజం కండలు చాలామందికి ఎంతోకొంత బలంగానే ఉంటయ్, బరువుని వేళ్లకి కాకుండా చేతికి కట్టేస్తే అవి పని చేస్తయ్.

దానికి బెస్ట్ సామాను యాంకిల్ కఫ్. కాలికి కట్టే ఆ పట్టీనే మోచేతికి కొంచెం పైన కట్టి కేబుల్ మెషిన్ తాడుకి తగిలించండి, రోయింగ్ (వెనక్కి లాగేది), పుల్‌డౌన్ (పైనుంచి కిందికి లాగేది), ఛాతీ ఫ్లై (చేతులు చాపి ముందుకి దగ్గరికి తెచ్చేది) మూడూ వస్తయ్, మణికట్టు మీద లోడే పడదు. మొదట మెషిన్‌లో అన్నిటికన్నా తక్కువ ప్లేట్‌తోనే, 12 నుంచి 15 సార్లు. స్పర్శ తక్కువున్నోళ్లు ప్రతి సెట్ తర్వాత పట్టీ తీసి చర్మం చూడండి, ఒరిసినా నొప్పి తెల్వదు కదా.

మణికట్టు గట్టిగుంటే లిఫ్టింగ్ హుక్స్ (మణికట్టుకి కట్టుకుని రాడ్‌కి తగిలించే కొక్కేలు) కూడా వాడొచ్చు, కానీ తలపైకి ఎత్తేవాటికి వద్దు, టైంకి వదిలెయ్యలేరు.

కాళ్లకి లెగ్ ప్రెస్ (కూర్చుని కాళ్లతో బరువు తోసే మెషిన్), లేదంటే బ్యాగులో బియ్యం ప్యాకెట్లు పెట్టి భుజాలకి తగిలించుకుని స్క్వాట్స్.

ఒక చెయ్యి కట్టులో ఉన్నా రెండో చేతికి ఆపొద్దు, ఒకవైపు చేస్తే నరాల ద్వారా రెండోవైపు బలం కూడా కొంత నిలుస్తది. ఆపరేషన్ కొత్తగా అయితే మాత్రం నిమ్స్‌లోనో మీ దగ్గర్లోనో ఫిజియోని అడిగే మొదలుపెట్టండి, తిమ్మిరి పెరిగితే ఆ రోజుకి ఆపెయ్యండి.