మూలన పెట్టిన బండికి ఆయిల్ ఎన్నాళ్లకి మార్చాలి

మా నాన్న స్ప్లెండర్ తెనాలిలో ఇంటి వరండాలో ఉంటుంది, కూరగాయలకి, మందుల షాపుకి తప్ప బయటికి తియ్యరు, ఏడాదికి 400 కిలోమీటర్లు తిరిగితే గొప్ప. ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది నాన్నా అంటే "వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు, అప్పుడే ఎందుకురా" అన్నారు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనే డ్రైన్ బోల్ట్ (ఇంజన్ కింద ఆయిల్ దించే బోల్ట్) విప్పా, పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చింది ఆయిల్. నీళ్లు కలిసిందంటే అదే రంగు.

మీటర్ ఎంత చూపించినా సరే ఏడాదికి ఒకసారి మార్చెయ్యండి. మాన్యువల్ తీసి చూడండి, కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది అని, మనవాళ్లు ఆ రెండో సగం చదవరు అంతే. ఇక తిరిగేదంతా సందు చివరిదాకా 2 కిలోమీటర్ల లోపే అయితే, అందులోనూ కోస్తా ఉక్కపోతలో ఉంటే, నేనైతే 6 నెలలకే మారుస్తా.

తిరగని బండిలో ఆయిల్ ఎలా పాడవుద్ది అంటారా, లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, చలికాలం పొద్దున సైలెన్సర్ చివర చుక్కలు కారేది అవే. ఎక్కువ భాగం ఆవిరై బయటికి పోతుంది గానీ కొంచెం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది, కాలని పెట్రోల్ కూడా కాస్త దిగుతుంది. బండి బాగా వేడెక్కేదాకా తిరిగితే ఇవన్నీ ఆవిరైపోతాయి, మందుల షాపు దాకా వెళ్లొస్తే ఎక్కడ వేడెక్కుద్ది? ఆ తేమ, మసి కలిసి యాసిడ్ అయ్యి బేరింగుల మీద నెలల తరబడి కూర్చుంటుంది.

అందుకే రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి 5 నిమిషాలు ఉంచి ఆపేసే అలవాటు ఉంటే మానెయ్యండి. బండికి మంచిదనుకుంటాం గానీ రోజూ కాసిన్ని నీళ్లు పోస్తున్నట్టే. పది రోజులకోసారి 15 కిలోమీటర్లు తిప్పుకుని రండి, కుదరకపోతే అసలు ముట్టుకోకుండా వదిలెయ్యడమే మేలు (బ్యాటరీ టెర్మినల్ పీకేసి).

ఎప్పుడు మార్చాలంటే, ఊళ్లో ఉండేవాళ్లకి దసరా బెస్ట్. వానాకాలం తేమంతా పట్టేసి ఉంటుంది, ఆయుధ పూజకి ఎలాగూ బండి కడుగుతాం, ఆ పనిలో పని. బెంగుళూరు నుంచో అమెరికా నుంచో వచ్చి పది రోజులు తిప్పి వెళ్లిపోయేవాళ్లు మాత్రం వచ్చిన రోజు కాదు, వెళ్లే ముందు మార్చండి. అందరూ ఉల్టా చేస్తారు, పాత ఆయిల్ ఏడాదంతా ఇంజన్‌లో నానాక, వచ్చి కొత్తది పోస్తారు.

ఆయిల్ నలుపు చూసి కంగారు పడకండి, మసిని పట్టుకుని నల్లబడటం దాని డ్యూటీ. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ-30 (ఆయిల్ ఎంత చిక్కనో చెప్పే గ్రేడ్), బుల్లెట్ 350 లాంటి వాటికి 15డబ్ల్యూ-50, డబ్బా మీద జాసో (బైకు ఆయిల్‌కి జపాన్ వాళ్ల ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు ఆయిల్ మిగిలింది కదా అని పొయ్యొద్దు, బైకులో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, జారిపోతాయి. యాక్టివా లాంటి స్కూటర్లకి ఎంబీ, వాటి క్లచ్ వేరే ఉంటుంది. అప్పుడప్పుడు తిప్పే బండికి ఖరీదైన ఫుల్లీ సింథటిక్ దండగ నన్నడిగితే, మామూలుదే టైముకి మార్చండి.

పని చాలా ఈజీ. ముందు 15 నిమిషాలు తిప్పుకుని రండి, వేడి మీదైతే మడ్డి కూడా కలిసి దిగుతుంది, చెయ్యి మాత్రం జాగ్రత్త. మెయిన్ స్టాండ్ వేసి, కింద పాత టబ్ పెట్టి, ఆయిల్ పోసే పై మూత తీసి, డ్రైన్ బోల్ట్ విప్పి పదిహేను నిమిషాలు వదిలెయ్యండి. వాషర్ కొత్తది వెయ్యండి, పది రూపాయల దగ్గర కక్కుర్తి పడితే రోజూ వరండాలో చుక్క పడుతుంది. బోల్ట్ మరీ బలంగా బిగించొద్దు, అల్యూమినియం కేసు కదా మరలు పోతాయి. స్ప్లెండర్‌కి మార్చే పేపర్ ఫిల్టర్ ఉండదు, జాలీ ఉంటుంది, పల్సర్‌కి బుల్లెట్‌కి ఫిల్టర్ ఉంటుంది, అదీ మార్చండి. మాన్యువల్‌లో ఉన్నంతే పోసి, రెండు మూడు నిమిషాలు స్టార్ట్‌లో ఉంచి, ఆపాక ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి లెవల్ చూడండి. స్ప్లెండర్ డిప్‌స్టిక్ (లెవల్ చూసే పుల్ల) తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, ఇక్కడే చాలామంది ఎక్కువ పోసేస్తారు.

టీ రంగు వస్తే ఒక్కసారితో పోదు. మా నాన్న బండికి కొత్త ఆయిల్ పోసి తెనాలి నుంచి గుంటూరు వెళ్లొచ్చి మళ్లీ మార్చా, రెండోసారి మామూలుగానే వచ్చింది. మీకు మళ్లీ తెల్లగానే వస్తే నీళ్లు ఎక్కడినుంచో దిగుతున్నట్టు, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఉండే డ్యూక్, ఆర్15 లాంటివైతే ఇక తిప్పకుండా మెకానిక్‌కి చూపించండి. ఆయిల్ మూత లోపల మాత్రమే కాస్త పసుపు నురగ ఉంటే ఒక లాంగ్ రైడ్ చాలు.

పాత ఆయిల్ కాలవలో పొయ్యకండి, డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇస్తే వాళ్ల డ్రమ్ములో పోసుకుంటారు. సీటు కింద ఒక స్టిక్కర్ అంటించి దాని మీద తేదీ రాయండి. నేను రాసి వచ్చా, ఇంకో రెండేళ్లు చాలు కదా అని మొన్న ఫోన్‌లో అడుగుతున్నారు మా నాన్న.