గప్పీ, మోలీ, ప్లాటీలకు ఎంత పెద్ద ట్యాంకు కావాలి? కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

గప్పీ, ప్లాటీ, మోలీ, స్వోర్డ్‌టెయిల్ గుడ్లు పెట్టవు. పుట్టగానే ఈదగలిగే పిల్లల్ని కంటాయి. పెంచడం తేలిక, రంగులు బాగుంటాయి, అందుకే కొత్తగా అక్వేరియం పెట్టేవాళ్లలో చాలామంది వీటితోనే మొదలుపెడతారు. ట్యాంకు సైజు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. వేరే చేపలు ఆరు తెస్తే సాధారణంగా ఆరే ఉంటాయి. ఇవి ఆరు తెస్తే మూడు నెలలయ్యేసరికి లెక్కపెట్టడం కూడా కష్టమవుతుంది. కాబట్టి ఈరోజు కొనే చేపల్ని బట్టి కాకుండా, మూడు నెలల తర్వాత ఉండబోయే చేపల్ని బట్టి ట్యాంకు ఎంచుకోవాలి.

1. ముందు మగా ఆడా సంగతి తేల్చుకోండి

లీటర్ల కంటే ముందు తేలాల్సింది ఇదే. పిల్లలు వద్దనుకుంటే మగచేపల్ని మాత్రమే తెచ్చుకోవచ్చు. గుర్తుపట్టడం కష్టం కాదు. పొట్ట కింద, తోకకు కాస్త ముందు ఉండే రెక్కను చూడండి. మగదానికి అది సన్నగా పుల్లలా వెనక్కి వాలి ఉంటుంది, ఆడదానికి విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. మగ గప్పీలు గుంపుగా బాగానే ఉంటాయి. స్వోర్డ్‌టెయిల్ మగవి మాత్రం ఒకదాన్నొకటి తరుముకుంటాయి. వాటికి చోటు తక్కువైతే బలహీనమైనది ఏ మూలకో నక్కి, తిండి కూడా మానేస్తుంది.

ఆడవి మాత్రమే తెచ్చుకుంటే సరిపోతుంది కదా అనుకోవద్దు. షాపులో మగా ఆడా కలిపి ఉంచిన ట్యాంకులోంచి వచ్చిన ఆడచేప దాదాపుగా కడుపుతోనే వస్తుంది. పైగా ఒక్కసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని, మగచేప లేకుండానే నెలల తరబడి వరుసగా ఈనగలదు.

రెండూ కావాలంటే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. సమానంగా ఉంటే మగవి ఆడవాటి వెంటపడి ఊపిరి సలపనివ్వవు. అంటే జంట కొనాలనుకున్నా మూడు నాలుగు చేపలకు చోటు చూసుకోవాలన్నమాట.

2. షాపులో కనిపించే సైజు నమ్మొద్దు

అమ్మేవన్నీ దాదాపుగా పిల్ల చేపలే. పెద్దయ్యాక మగ గప్పీ 3 నుంచి 4 సెంటీమీటర్లు, ఆడది 5 నుంచి 6. ప్లాటీ 5 నుంచి 6. మామూలు మోలీ 8 నుంచి 10 దాకా పెరుగుతుంది. వీపు మీద తెరచాపలాంటి రెక్క ఉండే సెయిల్‌ఫిన్ మోలీ 12 కూడా దాటొచ్చు. స్వోర్డ్‌టెయిల్ ఆడది 12 దాకా వస్తుంది, మగదానికి కత్తిలాంటి తోక అదనం.

3. ఏ చేపకు ఎన్ని లీటర్లు?

ఇవి పూర్తిగా ఎదిగిన చేపల చిన్న గుంపుకు, అంటే ఐదారింటికి, నా ఉద్దేశంలో కనీసం ఉండాల్సిన లెక్కలు. గప్పీలకు 40 లీటర్లు. ప్లాటీలకు 60. మామూలు మోలీలకు 100, సెయిల్‌ఫిన్ అయితే 150కి తగ్గొద్దు. స్వోర్డ్‌టెయిల్‌కు 100 లీటర్లతో పాటు 90 సెంటీమీటర్ల పొడవు కూడా ఉండాలి. అవి వేగంగా, తిన్నగా ఈదే చేపలు. ఎగిరి దూకుతాయి కూడా, మూత తప్పనిసరి.

‘అంగుళం చేపకు ఒక గాలన్’ అని ఒక పాత సూత్రం ఉంది. గాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. చిన్న గప్పీలకైతే ఎంతోకొంత పనికొస్తుంది గానీ మోలీ దగ్గర ఘోరంగా తప్పుతుంది. ఆకారం అదే ఉండి పొడవు రెట్టింపైతే చేప బరువు రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ఆ లెక్కన నాలుగంగుళాల మోలీ ఒక్కటి, అంగుళం చేపలు నాలుగింటితో ఎలా సమానం? తిండీ ఎక్కువే, దానివల్ల చేరే మలినమూ ఎక్కువే. మోలీలైతే రోజంతా ఏదో ఒకటి గీక్కుని తింటూనే ఉంటాయి.

4. ఎత్తు కాదు, పొడవు చూడండి

ఒకే 65 లీటర్ల నీళ్లను రెండు ట్యాంకుల్లో పోశామనుకోండి. ఒకటి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. రెండోది 30 పొడవు, 30 వెడల్పు, 72 ఎత్తు. నీళ్లు సమానమే. కానీ గాలి తగిలే పైభాగం మొదటిదానికి 1800 చదరపు సెంటీమీటర్లు, రెండోదానికి 900 మాత్రమే. నీళ్లలోకి ఆక్సిజన్ చేరేది ఎక్కువగా ఆ పైభాగం నుంచే. పైగా ఇవి నీటి పై సగంలో అడ్డంగా తిరిగే చేపలు. పొడుగ్గా నిలబెట్టిన ట్యాంకు గదిలో అందంగా కనిపిస్తుంది, చేపకు మాత్రం ఆ ఎత్తుతో పెద్దగా పనిలేదు. గుండ్రటి గాజు గిన్నెల గురించి చెప్పడానికేమీ లేదు, వాటిని వదిలేయండి.

5. అసలు పట్టే నీళ్లు ఎన్నో లెక్కేయండి

పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. అంగుళాల్లో కొలిస్తే 61తో భాగించండి. పైన చెప్పిన 60, 30, 36 ట్యాంకు 64.8 లీటర్లు. కానీ అంచు దాకా నింపం కదా. పైన 4 సెంటీమీటర్లు వదిలితే 57.6. గ్రావెల్ (అడుగున పరిచే చిన్న గులకరాళ్లు), రాళ్లు, ఫిల్టర్ ఆక్రమించేది తీసేస్తే మిగిలేది సుమారు 50. చేపల సంఖ్య ఈ 50ని బట్టి ఉండాలి, డబ్బా మీద రాసిన అంకెను బట్టి కాదు.

6. పిల్లల లెక్క

అసలు కథ ఇక్కడుంది. సుమారు నాలుగు వారాలకు ఒకసారి ఈనుతాయి. గప్పీ ఒక కాన్పులో 20 నుంచి 50 దాకా, పెద్ద మోలీ, స్వోర్డ్‌టెయిల్ అయితే ఇంకా ఎక్కువే పెడతాయి. ఈనే రోజులు దగ్గర పడితే ఆడచేప పొట్ట గుండ్రంగా కాక పలకలు తేలినట్టు కనిపిస్తుంది, పొట్ట వెనక భాగంలో ఉన్న నల్లమచ్చ ముదురుతుంది. లేతరంగు గప్పీ అయితే ఆ మచ్చలో పిల్లల కళ్లు నల్లచుక్కల్లా కనిపిస్తాయి కూడా.

మూడు ఆడ గప్పీలు నెలకు 25 చొప్పున పెట్టి, వాటిలో ఎనిమిదేసి బతికాయనుకుందాం. నెలకు 24, మూడు నెలలకు 72. ఈలోగా మొదటి కాన్పు పిల్లలు కూడా ఈనే వయసుకు వస్తాయి. కాబట్టి మూడు దారుల్లో ఒకటి ముందే ఎంచుకోవాలి.

ప్రకృతికి వదిలేస్తే పెద్ద చేపలే పిల్లల్ని తినేస్తాయి. జావా మాస్, హార్న్‌వర్ట్ లాంటి మొక్కల్లో దాక్కున్న కొన్ని బతుకుతాయి. అలాగైతే కనీస సైజుకు సగం అదనంగా చూసుకుంటే చాలావరకు నడుస్తుంది. గప్పీలకు 40 బదులు 60 అన్నమాట. అందరినీ బతికించాలంటే పిల్లలకు వేరే 20, 30 లీటర్ల ట్యాంకు కావాలి. ట్యాంకులో వేలాడదీసే బ్రీడింగ్ బాక్స్ ఒకటి రెండు రోజులకు పర్వాలేదు గానీ, నెల నెలా ఆడచేపను అందులో ఇరికిస్తే దానికి టెన్షనే. మూడోది, పెరిగిన పిల్లల్ని తీసుకునేవాళ్లను ముందే చూసిపెట్టుకోవడం. ఎక్కువయ్యాయని చెరువులోనో కాలువలోనో మాత్రం వదలొద్దు. గప్పీలు అలా చేరిన చాలా దేశాల్లో స్థానిక చేపలకు ముప్పు తెచ్చాయి.

ఇంకో మాట. ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ ఒకదానితో ఒకటి కలుస్తాయి. గప్పీ, దానికి దగ్గరి చుట్టమైన ఎండ్లర్ కూడా అంతే. జాతి కలవకూడదనుకుంటే ఒకే పెద్ద ట్యాంకు కంటే రెండు వేరు ట్యాంకులే నయం.

7. బరువు మోసే చోటుందా?

లీటరు నీళ్లు కిలో. 65 లీటర్ల ట్యాంకు గాజు, గ్రావెల్‌తో కలిపి 80 కిలోల పైమాటే. మామూలు పుస్తకాల అర మీద పెట్టే బరువు కాదిది. స్టాండు సమతలంగా ఉండాలి. ఫ్రేమ్ లేని గాజు ట్యాంకైతే కింద థర్మోకోల్ షీటు వేయండి. చోటు చూశాకే సైజు ఖరారు చేసుకోండి.

8. పెట్టాక గమనించాల్సినవి

ట్యాంకు ఎంత పెద్దదైనా ఒకేసారి చేపలన్నీ వదలకండి. చేపల మలినం నుంచి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక కొన్ని కొన్నిగా చేర్చండి.

తర్వాత పొద్దున్నే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నా, వారం వారం పావువంతు నీళ్లు మార్చినా నైట్రేట్ 40 పీపీఎం (పది లక్షల వంతుల్లో 40) దాటుతున్నా, ట్యాంకు నిండిపోయి ఉండొచ్చు. అప్పుడు చాలామంది పెద్ద ఫిల్టర్ కొంటారు. దానివల్ల అమ్మోనియా అదుపులో ఉంటుంది గానీ నైట్రేట్ తగ్గదు. చేపల్ని తగ్గించాలి, లేదా నీళ్లు ఎక్కువ పట్టే ట్యాంకుకు మారాలి.