అండమాన్ గుహ పక్షిని చూడబోయే ముందు నెల్లూరులో చేయవలసిన సాధన

అండమాన్ గుహల్లో గూడు కట్టే తెల్లగూటి స్విఫ్ట్‌లెట్‌ను చూడాలనుకునే నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు ప్రయాణానికి ముందు కొన్ని సాయంత్రాలు ఇక్కడే సాధన చేయడం మంచిది. దాని బంధువైన తెల్లనడుము స్విఫ్ట్ మన పాత గోపురాల కింద, వంతెనల అడుగున గుంపులుగా గూళ్లు కడుతుంది. పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడి పరిసరాల్లో పొద్దుగుంకడానికి అరగంట ముందు నిలబడి, కొడవలి వంటి రెక్కలతో కీచుమంటూ తిరిగే పక్షుల కోసం వెతకండి. కరెంటు తీగ మీద వాలిందంటే అది వానకోవెల. స్విఫ్ట్ నాలుగు వేళ్లూ ముందుకే తిరిగి ఉంటాయి కాబట్టి అది నిలువు గోడను పట్టుకుని వేలాడగలదు గాని తీగ మీద కూర్చోలేదు.

గుహలో కళ్ల కంటే చెవులకే పని ఎక్కువ. తెల్లగూటి స్విఫ్ట్‌లెట్ చీకటిలో టకటకమని శబ్దం చేస్తూ, రాతికి తగిలి వచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి పోల్చుకుంటుంది. గబ్బిలాల అటువంటి శబ్దాలు చాలావరకు మన చెవికి అందవు, దీనిది స్పష్టంగా వినబడుతుంది. అందుకే లోపల మాటలు పూర్తిగా ఆపాలి. గుహ ముఖం దగ్గర, వెలుతురు పడే చోట నాచు కలిపి కట్టిన గూళ్లుంటే అవి మరో జాతివి. నీలినలుపు వీపు, తెల్లటి పొట్ట గల ఆ చిన్న పక్షికి ప్రతిధ్వనితో దారి వెతుక్కునే శక్తి లేదు. లోపలి చీకట్లో రాతికి అంటుకున్న తెల్లటి దొప్ప కనబడితే, మీరు వచ్చింది దాని కోసమే.

ఆ దొప్పను ఆడ, మగ పక్షులు రెండూ వారాల తరబడి తమ లాలాజలంతోనే అల్లుతాయి. అందులో పెట్టేది రెండే గుడ్లు. సూపు కోసం గూళ్లను ఒలుచుకుపోవడం వల్లనే అక్కడ ఈ పక్షి సంఖ్య దారుణంగా పడిపోయింది. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ 1990లలో ద్వీపాల్లోని వందలాది గుహలు తిరిగి ఈ నష్టాన్ని నమోదు చేశారు. గూళ్లు ఒలిచే చేతులకే కాపలా అప్పగించే పద్ధతిలో ఉత్తర అండమాన్‌లోని చాలిస్ ఏక్ గుహల్లోను, ఇంటర్‌వ్యూ ద్వీపంలోను రక్షణ మొదలైంది. నా దృష్టిలో ఈ పక్షి కథలో అన్నిటికన్నా గొప్ప విషయం ఇదే.

అటవీశాఖ అనుమతి లేకుండా గూళ్లున్న గుహలోకి వెళ్లవద్దు. టార్చికి ఎర్రటి పలుచని కాగితం చుట్టి, వెలుగును గూటి మీద కాక నేల మీద వేయండి. ఫ్లాష్ వాడకండి. గుహ ముఖానికి అడ్డంగా నిలబడితే పిల్లలకు మేత తెచ్చే పక్షులు వెనుదిరగవచ్చు, కాబట్టి గోడ వారన నిలబడి, కొద్ది నిమిషాలకే బయటకు రండి. నేల మీద పిల్ల కనబడితే మీరు ముట్టుకోకుండా కాపలాదారుకు చూపించండి. అది ఏ గూటిదో ఆయనకే తెలిసే అవకాశం ఎక్కువ.