వాచీలో 118 ఉంది కదా అని నడవకండి

పది రోజుల కిందట మా గ్రౌండ్‌లో ఒకాయన మూడో రౌండ్‌లో కూలబడిపోయారు. వయసు 54. ఎడమ భుజం లాగుతోందని, ఊపిరి సరిగా ఆడటం లేదని రెండో రౌండ్‌లోనే పక్కాయనతో అన్నారట. అని, వాచీలో గుండె వేగం చూసుకుని, "118 ఏ ఉంది, ఏం కాదులే" అంటూ మళ్లీ నడిచారు. ఇప్పుడు స్టెంట్ వేయించుకుని ఇంట్లో ఉన్నారు. అదృష్టవంతుడు.

ఎండలు ముదరబోతున్నాయి. గ్రౌండ్‌లో సగం మందికి చేతికి వాచీలు, కుర్రాళ్లకైతే ఛాతీకి గుండె వేగం కొలిచే బెల్టులు. నీళ్లు తాగండి, బూట్లు వేసుకోండి అని నేను మళ్లీ చెప్పను. ఇన్నేళ్లుగా చూస్తున్న తప్పు ఒక్కటే: ఒళ్లు ఆగమంటున్నా, అంకె బాగుందని ఆగకపోవడం.

గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. లోపల రక్తనాళం పూడుకుపోతోందా అనేది దానికి తెలియదు. గుండెపోటు వస్తున్నప్పుడు కూడా వేగం మామూలుగానే ఉండొచ్చు.

బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. ఆ మాత్ర గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వదు. మీరు రొప్పుతున్నా వాచీ 105 దగ్గరే ఆగిపోవచ్చు. గుండె గరిష్ఠ వేగం ఇంత అని 220లోంచి వయసు తీసేసి, అందులో 70 శాతం కట్టి, "ఇంకా అందుకోలేదు" అని పరుగు అందుకున్నవాళ్లను చూశాను. అది సగటు లెక్క. మాత్రలేవీ వాడనివాళ్లకే పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది. మీ అంకె ఎంతో డాక్టర్‌ని అడగండి. షుగర్ ఉన్నవాళ్లకైతే నొప్పే తెలియకపోవచ్చు, కాబట్టి ఉత్త ఆయాసం, వికారం వచ్చినా ఆగాల్సిందే. నడుస్తూ పక్కవాళ్లతో తెరిపిగా మాట్లాడగలుగుతున్నారా? ఆ వేగం చాలు.

ఆ అంకైనా నిజమేనా అంటే, పెట్టుకునే తీరును బట్టి. చేతి వాచీ చర్మం మీద పచ్చటి వెలుగు వేసి రక్తప్రవాహాన్ని చూస్తుంది. వదులుగా ఉంటే మీ అడుగుల లయనే గుండె లయ అనుకుని 160 చూపించేస్తుంది. మణికట్టు ఎముకకు వేలెడు పైన, కదలకుండా బిగించండి. టాటూ మీద వద్దు. ఛాతీ బెల్టు పట్టుకునేది గుండెలోని విద్యుత్ సంకేతాన్ని, అందుకే లోపలి పట్టీలను తడిపి కట్టుకోవాలి. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలే. అనుమానమొస్తే నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేయండి.

ఇంటికెళ్లాక సెన్సర్ ఊడదీయండి, తడి బెల్టుకే ఉంచితే బ్యాటరీ తినేస్తుంది. బెల్టును మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయండి. చెమట ఉప్పు పేరుకుంటే పట్టీ పాడవుతుంది, మీ చర్మమూ పొక్కుతుంది. ఇస్త్రీ వద్దు. ఎండలో కారులో వదలొద్దు. పాత బిళ్ల బ్యాటరీ టీవీ పక్కన పెట్టొద్దు: పసివాళ్లు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా బెల్టు కట్టొద్దు, అయస్కాంతం ఉన్న ఛార్జర్‌ని జేబులో వేసుకోవద్దు. జ్వరం వచ్చిన రోజు గ్రౌండ్‌కి రావొద్దు. ఎండ ఎక్కితే అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, నిన్నటి టైమ్ కోసం ఎగబడొద్దు. వాచీల్లో అడుగుల పందేలు బావమరుదులతో వద్దు. బాగున్న రోజు పరుగు మధ్యలో టక్కున ఆగొద్దు, ఐదు నిమిషాలు మెల్లగా నడిచి ఆపండి.

బాగాలేని రోజు మాత్రం టక్కున ఆగండి. ఛాతీ బరువెక్కినా, దవడ లాగినా, చల్లచెమట పట్టినా, కళ్లు తిరిగినా ఆగండి. వాచీ చూడొద్దు. అంకె బాగుందని నాకు చెప్పొద్దు. గ్యాస్ అనుకుని సోడా తాగొద్దు. "ఈ ఒక్క రౌండ్" అనొద్దు. కూర్చోండి. పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయండి, మనిషిని బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు.